మూడు లైన్లు, ఒక పడవ

కాల్వర్ట్ ఫెర్రీ, ఒహాయో
ఫిబ్రవరి 6, 1995

మాక్సీన్‌కి వెర్నా వదిన రాసేది,

నేను బాగానే ఉన్నాను. మీ అన్నయ్యే బాగాలేడు. ఒంట్లో కాదు, బుద్ధిలో. ఫోన్ చేయక ఈ ఉత్తరమేమిటి అనుకుంటావేమో. మా వంటింట్లో ఫోన్ ఎత్తి మాట్లాడితే గరాజ్‌లో ఉన్న రెండో ఫోన్‌లో అంతా వినిపిస్తుంది. ఆ గరాజ్ గురించే నేను చెప్పబోయేది.

పోయిన అక్టోబరు నుంచి డ్వైట్ ఆదివారం చర్చికి రావడం మానేశాడు. మోకాలు నొప్పట. ఆ మోకాలు సోమవారం పొద్దుటికల్లా బాగైపోతుంది, నిచ్చెనెక్కి కప్పు మీది మంచు తోస్తాడు. నేను చర్చికి వెళ్ళగానే గరాజ్‌లో చేరి తలుపు వేసుకుంటున్నాడు. అక్కడికి చిన్న టీవీ ఒకటి చేర్చాడు. పోయిన ఆదివారం నేను పాటల పుస్తకం మర్చిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చాను. తలుపు అవతల నుంచి గొంతు తగ్గించి, "ఇంతకాలం చెప్పలేకపోయాను, ఇప్పుడు చెప్తాను" అంటున్నాడు. నలభై ఏడేళ్ళ కాపురంలో నాతో ఆ గొంతుతో ఒక్కసారి మాట్లాడలేదు.

ఇక నా దగ్గర దాచినది చాలనుకుని ఫోన్ బిల్లు తీసి చూశాను. వాషింగ్టన్ నంబర్లు మూడు. అన్నీ ఆదివారాలే. వాషింగ్టన్‌లో నువ్వు తప్ప మనకెవరున్నారు? నీ నంబరు నాకు కంఠతా వచ్చు. ఇవి వేరు. ఒక్కతె అయితే ముసలితనంలో మతి పోయిందనుకుని ఊరుకుందును, ముగ్గురా? ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పిన మనిషికి అరవై తొమ్మిదో ఏట ఇదేం చరిత్ర?

మూడు నంబర్లూ వెనక రాశాను. ఎవరివో కనుక్కో. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, ఆ సగం పెత్తనం ఇప్పుడైనా నాకు పనికి రానీ. అన్నయ్యను వెనకేసుకొస్తే మాత్రం తెలిసిపోతుంది నాకు.

నీ వదిన,
వెర్నా

*

వాషింగ్టన్
ఫిబ్రవరి 13

వదినా,

ఆ ముగ్గురు ఆడవాళ్ళనూ నేను రోజూ చూస్తూనే ఉంటాను. మా ఆఫీసు రెండో అంతస్తులో, కిటికీ పక్క బల్ల మీద వరసగా ఉంటారు. ముగ్గురూ నలుపే. ముగ్గురికీ తీగలున్నాయి. అవి మా చానెల్ ఫోన్లు వదినా.

నువ్వు మా చానెల్ చూడవని నాకు తెలుసు. "ఏమీ జరగని టీవీ" అని పేరు పెట్టిందానివి కదా. కాంగ్రెస్ చట్టసభ మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఒక్క ముక్క కత్తిరించకుండా చూపిస్తాం, నిజంగానే ఏమీ జరగదు. ఆదివారం తొమ్మిదింటికి మాత్రం చరిత్ర గంట ఉంటుంది. పుస్తకం రాసిన ఒకాయన వచ్చి కూర్చుంటాడు, యాంకర్ మొహంలో ఏ భావమూ లేకుండా ఎదురుగా కూర్చుంటాడు, దేశం నలుమూలల నుంచి జనం ఫోన్ చేసి ప్రశ్నలడుగుతారు. ఒక లైను డెమోక్రాట్లకు, ఒకటి రిపబ్లికన్లకు, ఒకటి ఏ గూటికీ చెందనివాళ్ళకు. ఎవరి మాటకూ అడ్డు చెప్పం, ఎవరినీ మెచ్చుకోం. జీతం తీసుకునే మేమెవరం ఆ లైన్లో నోరు విప్పకూడదు. అలా విప్పినవాడు సాయంత్రానికి ఇంటికే.

కొండను తవ్వి ఎలుకను పట్టావు. అయితే ఆ ఎలుక కొంచెం సిగ్గుమాలినదే. నువ్వు రాసిన రెండో నంబరు రిపబ్లికన్లది. మా నాన్న బతికుంటే పరాయి ఆడదాన్నయినా క్షమించేవాడేమో, దీన్ని క్షమించేవాడు కాదు.

ఒక్క సంగతి మాత్రం నాకూ అర్థం కాలేదు. మా దగ్గర నియమం ఒకటుంది. ఒకసారి ప్రసారంలో మాట్లాడినవాళ్ళు ముప్పై రోజులదాకా మళ్ళీ ఫోన్ చేయకూడదు. లేకపోతే నోటిదురద ఉన్న పదిమందే దేశమంతా మాట్లాడేస్తారు. నీ బిల్లు చూస్తే జనవరిలోనే అన్నయ్య మూడుసార్లు చేశాడు. నేను టేపులు విని ప్రతి మాటా టైపు చేసేదాన్ని, నాతోపాటు ఇంకో నలుగురున్నారు. ప్రూయిట్ అన్న పేరు ఎవరి కాగితాల్లోనూ లేదు. మరి ఆయన ఏ పేరుతో మాట్లాడుతున్నాడు? ఎందుకు?

టేపులు వెతికి చూస్తాను. నువ్వు అప్పుడే ఆయన్ని నిలదీయకు.

మాక్సీన్

*

కాల్వర్ట్ ఫెర్రీ
మార్చి 2

మాక్సీన్,

ముగ్గురు ఆడవాళ్ళు కాదని తెలిసిన రోజు యాపిల్ పై చేసి పెట్టాను. పిచ్చిమొహంది ఎందుకు చేసిందో తెలియక రెండు ముక్కలు తిన్నాడు. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు.

ముగ్గురు పోయి ఒకతె వచ్చింది. ఓపల్ బాగ్స్. బుధవారం మార్కెట్ దగ్గర డ్వైట్ ఆమె సంచులు తన కారులో పెడుతుంటే చర్చిలో పియానో వాయించే హేజెల్ చూసింది. హేజెల్ చూసిందంటే ఊరు చూసినట్టే. నేను ఈ ఊరి పిల్లను కాకపోయినా, కోడలిగా వచ్చిన వారంలోనే ఓపల్ గురించి విన్నాను. "పడవ అమ్ముకున్న లెస్టర్ కూతురు" అని చిన్నపిల్లలు కూడా అంటారు. 1937 వరదలో ఊరికి రెండే పడవలుంటే ఒకటి మీ నాన్న చేతిలో, ఒకటి లెస్టర్ బాగ్స్ చేతిలో. మీ నాన్న ముప్పై ఎనిమిది మందిని బతికించాడు, లెస్టర్ ఎవరికో డబ్బున్నవాళ్ళకు పడవ అమ్ముకుని కట్టుకున్నదాన్నే నీళ్ళకు వదిలేశాడు. ఇదేగా కథ. ఓపల్ ఆ ఏడాదే తండ్రితో ఊరు విడిచి వెళ్ళి, ముప్పై ఏళ్ళ తర్వాత అమ్మమ్మ ఇంట్లో దిగింది. ఇప్పటికీ చర్చి భోజనాలకు ఆమెను ఎవరూ పిలవరు. నేనూ పిలవలేదు, ఒప్పుకుంటున్నాను.

అలాంటి మనిషి సంచులు ఆర్విల్ ప్రూయిట్ కొడుకు మోయడమేమిటి? పైగా ఇప్పుడు. మేలో వంతెన దగ్గర మీ నాన్న పేరుతో ఇత్తడి ఫలకం పెడుతున్నారు. మీ చానెల్ బండి కూడా వస్తుందట, ఊరి చరిత్ర తీసి జూన్‌లో చూపిస్తారట. మీ ఆఫీసు సంగతి నాకు హేజెల్ చెప్పాలా? ఫలకం కమిటీకి డ్వైట్ అధ్యక్షుడు, రెండు సమావేశాలకు వెళ్ళనేలేదు. వెళ్ళకపోగా ఎందుకని అడిగితే దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు.

టేపుల్లో ఏముందో రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి.

వెర్నా

*

వాషింగ్టన్
మార్చి 20

వదినా,

బండి సంగతి నాకు నిజంగా తెలియదు. ఊళ్ళు ఎంచేది వేరే విభాగం. నేనే చెప్పి పంపించానని అనుకుంటున్నావేమో, ఆ అనుమానం మానుకో.

నాలుగు టేపులు దొరికాయి. ఒకదాంట్లో అన్నయ్య పడూకా అనే ఊరి నుంచి వాల్టర్. ఇంకోదాంట్లో ఎవాన్స్‌విల్ నుంచి రేమండ్. పేరూ ఊరూ మార్చాడు గానీ గొంతు మార్చడం ఆయనకు చేతకాదు. మాటకు ముందు "చూడండీ" అని ఒక మెట్టు ఎక్కుతాడు కదా, అక్కడే పట్టుకున్నాను.

మొదటిసారి వచ్చినాయన అంతర్యుద్ధం మీద పుస్తకం రాసినవాడు. ఇది నేను టైపు చేసిన మాట, ఉన్నది ఉన్నట్టు:

"చూడండీ, ఒక మనిషి రెండు రోజులు నిద్ర లేకుండా జనాన్ని కాపాడాడు. దానికి ముందు ఒక గంట తప్పు చేశాడు. మీరైతే రెండూ రాస్తారా?"

"రుజువుంటే రాస్తాను."

"రుజువు ఒక పిల్లవాడి మాట. ఇప్పుడు ముసలివాడయ్యాడు."

"ఒక్కడి మాట చాలదండీ. రెండో సాక్షి కావాలి."

తర్వాతి మూడు టేపుల్లోనూ ప్రశ్న ఇదే, ఎదుట కూర్చున్నవాళ్ళు వేరు. ఒకరు రైలు మార్గాల మీద రాసినావిడ, పాపం, ఏం చెప్పాలో తెలియక నీళ్ళు తాగింది. మూడో టేపులో మాత్రం పడవ మాట ఎత్తాడు. పడవలో కుట్టు మిషన్లున్నాయని, ఒక కప్పు మీద మనుషులు చేతులూపారని, ఒక పిల్ల... కాదు, పిల్లవాడు అరిచాడని. ఆ పిల్లవాణ్ణి నేనే అన్నాడు. తర్వాత ఏదో చెప్పాడు గానీ అక్కడ టేపు సరిగా లేదు, వినపడలేదు.

ఒక మాట అడుగుతాను, ఊరికే. ఆ పడవలో ఎవరెవరున్నారని అన్నయ్య నీతో ఎప్పుడైనా అన్నాడా?

మాక్సీన్

*

కాల్వర్ట్ ఫెర్రీ
ఏప్రిల్ 10

మాక్సీన్,

వినపడలేదా? మా పెళ్ళి విందులో మూడు బల్లల అవతల మీ పెదనాన్న నా గౌను గురించి ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా నాకు చేరేసిన చెవులవి. ముప్పై ఏళ్ళు కోర్టులోనూ, పద్నాలుగేళ్ళు చానెల్లోనూ జనం నసుగుడు కూడా టైపు చేసి బతికినదానికి అన్నయ్య గొంతు వినపడలేదా? ఆ తడబడిన మాట కూడా చూశాను. "పిల్ల, కాదు, పిల్లవాడు" అన్నావు. టైపు కొట్టేదానివి, ఉత్తరంలో తప్పు మాట మీద గీత కూడా గీయకుండా పంపించావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు ఎవరు తడుముకుంటారో నాకు తెలుసు.

నువ్వు చెప్పవని ఓపల్ దగ్గరికే వెళ్ళాను. పోట్లాడదామనే వెళ్ళాను, ఆ మాట దాచను. తలుపు తీసి, "ఎవరో ఒకరు వస్తారని అనుకున్నా, మీరొస్తారనుకోలేదు. రండి" అంది. కాఫీ పోసింది. ఇల్లు నా ఇంటికన్నా శుభ్రంగా ఉంది, అదొక మంట నాకు.

"మా ఆయన మీ ఇంటికెందుకొస్తున్నాడు?" అన్నాను.

"వచ్చి ఏం చేస్తాడమ్మా, ఆ కుర్చీలో కూర్చుని ఏడుస్తాడు" అంది. "మా నాన్న పడవ అమ్ముకోలేదట. చర్చి మెట్లకు కట్టి ఇళ్ళల్లో జనాన్ని లేపడానికి వెళ్ళాడట. ఆ లోపల మీ మామగారు తన పడవ చాలదని ఆ పడవ విప్పుకుని తన కొట్లోని కుట్టు మిషన్లు గుట్ట మీది బడికి చేర్చాడట. మా కప్పు పక్కనుంచే వెళ్ళారట. ఈయన పిల్లవాడు, పడవలోనే ఉన్నాడు, భయపడి అరిచాడట. అందుకే మీ మామగారు ఆగలేదట. తన తప్పే అంటాడు."

"మీరు నమ్మారా?"

"పడవ సంగతి నమ్మాను. మా నాన్న చచ్చేదాకా అదే చెప్పాడు, వినేవాళ్ళు లేకపోయారు. అరుపు సంగతి నమ్మలేదు. మంచు కమ్మేసిన పొద్దది, పక్కనున్నది కనపడదు. కానీ నాకు ఆరేళ్ళు, చెవులున్నాయి. మగపిల్లవాడి గొంతు కాదది, ఆడగొంతు. 'వద్దు, వద్దు' అని. అది మా అమ్మ. నేను అంచు దగ్గరికి జరుగుతుంటే వద్దని అరిచింది. నేను వెనక్కి పోయి పొగగొట్టం పట్టుకున్నా. ఆవిడ జారిపోయింది. అదే ఆవిడ ఆఖరి మాట. డ్వైట్‌గారికి ఇది చెప్పలేదు. అంత కష్టపడి ఒప్పుకుంటున్నవాణ్ణి కాదనడమెందుకని."

నేను కాఫీ తాగలేకపోయాను. ఇంటికొచ్చి మీ అన్నయ్యను సూటిగా అడిగాను. పడవలో ఇంకెవరున్నారు? "నాన్నా నేనూ. ఇంకెవరూ లేరు" అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు.

వరదప్పుడు నువ్వు లాంకాస్టర్‌లో మీ పెద్దమ్మగారింట్లో ఉన్నావని మీ ఇంట్లో అందరూ చెప్తారు. ఎవరూ అడగకముందే చెప్తారు. మాక్సీన్, నువ్వెక్కడున్నావు?

వెర్నా

*

వాషింగ్టన్
ఏప్రిల్ 24

వదినా,

పడవలో ఉన్నాను.

కుట్టు మిషన్ పెట్టె మీద కూర్చున్నాను. నాకు ఏడేళ్ళు. కింద రెండు మిషన్లు, ముందు నాలుగు, పడవ అంచుకు నీళ్ళు జానెడు దూరంలో ఉన్నాయి. మంచులోంచి ఒక కప్పు కనపడింది, దాని మీద ఎవరో ఉన్నారు. నాన్న తెడ్డు తిప్పాడు. అటు వెళ్ళబోయాడు వదినా, ఆ మాట మాత్రం నమ్ము. పడవ ఒక పక్కకు ఒరిగింది. నేను "వద్దు, వద్దు" అని అరిచాను. ఊపిరాడనంతసేపు అరిచాను. అన్నయ్య నా నోరు మూయబోయాడు. నాన్న తెడ్డు మళ్ళీ తిప్పేసి, "ఇవి దించి వస్తాను, ఒక్క నిమిషం" అని ఆ కప్పు వైపు కేక వేశాడు, నా అరుపులో అది వాళ్ళకు వినపడి ఉండదు. గుట్ట దగ్గర దించడానికి ఒక్క నిమిషం కాదు, చాలా పట్టింది. తిరిగి వెళ్ళేసరికి పొగగొట్టం దగ్గర ఓపల్ ఒక్కతే ఉంది.

తర్వాత నాన్న రెండు రోజులు కూర్చోలేదు, తినలేదు. ముప్పై ఎనిమిది మంది లెక్క అబద్ధం కాదు. లెస్టర్ పడవేదని ఊళ్ళో అడిగినప్పుడు నాన్న నోరు విప్పలేదు, అదీ అబద్ధం కాదు. అమ్మ మమ్మల్ని వంటింట్లో నిలబెట్టి, "మాక్సీన్ లాంకాస్టర్‌లో ఉంది. డ్వైట్ గుట్ట మీది బడిలో ఉన్నాడు. అనండి" అంది. అన్నాం. అంటూనే ఉన్నాం.

మూడో టేపు స్పష్టంగానే ఉంది. "ఆ అరిచింది నేనే, నేనొక్కణ్ణే ఉన్నాను" అన్నాడు. అది నా చేతులతో టైపు చేశాను. మా దగ్గర ఎవరేమన్నా అలాగే కొట్టాలి, దిద్దకూడదు. కొట్టి, లేచి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. మారుపేర్లతో, పరాయి పార్టీ లైన్లో దూరి, ఆయన దేశానికంతటికీ నా అరుపు తనదని చెప్తున్నాడు. ఆయనకు నేను అక్కడ పనిచేస్తున్నానని తెలుసు. ఏదో ఒక రోజు నేను వింటానని తెలుసు.

కానీ ఇప్పుడు నేనేం చెయ్యను? నువ్వే రాశావు, అది తన అమ్మ ఆఖరి మాటని ఓపల్ యాభై ఎనిమిదేళ్ళు దాచుకుందని. నేను నోరు విప్పితే ఆమెకు నాన్న పేరు తిరిగొస్తుందేమో, అమ్మ మాట పోతుంది. ఏ మొహంతో తీసుకోను ఆమె దగ్గర్నుంచి? పైగా సెప్టెంబరులో నాకు పదవీ విరమణ. ఫలకం పెట్టేసుకోనీ. అన్నయ్యను జూన్ కార్యక్రమానికి ఫోన్ చేయనీకు. నీ మాట వింటాడు.

మాక్సీన్

*

కాల్వర్ట్ ఫెర్రీ
మే 15

మాక్సీన్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. నాలుగోసారికి కోపం వచ్చింది.

ఏడేళ్ళ పిల్ల అరిచిందని నిన్ను తప్పుపట్టే గాడిద ఎవరూ లేరు. నేను తప్పుపట్టేది అరవై అయిదేళ్ళదాన్ని. ఓపల్ అమ్మ మాట కాపాడుతున్నానంటున్నావు. నిజంగా ఆమె కోసమేనా, లేక దాక్కోవడానికి ఇంత మంచి చోటు ఇన్నాళ్ళకు దొరికిందనా? ఆ పక్కనే పదవీ విరమణ అన్న మాట కూడా ఉంది మరి. ఏది ఉంచుకోవాలో ఏది వదులుకోవాలో ఓపల్‌ను తేల్చుకోనీ. మీ ఇంటివాళ్ళు ఆమె తరఫున నిర్ణయాలు చేసింది చాలు.

ఫలకం శనివారం పెట్టేశారు. మీ చానెల్ వాళ్ళు వచ్చి వంతెననూ, మేయరునూ, హేజెల్ టోపీనీ తీసుకుపోయారు. డ్వైట్ కెమెరా ముందుకు రానన్నాడు. ఇంటికొచ్చాక అడిగాను, ఇక్కడే ఎదురుగా చెప్పొచ్చుగా, ఫోన్లో దాక్కోవడమెందుకని. "వాళ్ళడిగేది రెండో సాక్షి ఉన్నాడా అని. లేడు. ముసలివాడి పైత్యం అంటారు. ఓపల్‌కు ఇప్పుడున్న నవ్వులపాటు చాలదా?" అన్నాడు. లేడు అన్నప్పుడు గోడ మీద నీ ఫోటో వైపు చూడకుండా ఉండటానికి పాపం ఎంత తంటాలు పడ్డాడో.

నేనాయన్ని ఆపను. ఈసారి సొంత పేరుతో చేస్తానంటున్నాడు. నీ సంగతి నాకు తెలుసని నువ్వు ఆయనతో చెప్పొద్దు.

వెర్నా

*

వాషింగ్టన్
జూన్ 5

వదినా,

ఎక్కువ రాయలేను. పదకొండో తారీఖు కార్యక్రమానికి ఫోన్ల దగ్గర ఒక మనిషి తక్కువయింది, నన్ను కూర్చోమన్నారు. నేనే అడిగి వేయించుకున్నానని అనుకుంటే అనుకో.

అన్నయ్య మే 28న ఎవరో హెరాల్డ్ పేరుతో మాట్లాడాడు. ముప్పై రోజులు కాలేదు. నియమం నేను తప్పను, ఇన్నేళ్ళలో ఎవరి కోసమూ తప్పలేదు.

నామీద నీకు నమ్మకం లేదని తెలుసు. ఉండమని అడగను.

మాక్సీన్

*

కాల్వర్ట్ ఫెర్రీ
జూన్ 12

మాక్సీన్,

నీ ముక్క చూసి, ఇది ఆయన లైను కోసెయ్యడానికే కూర్చుంటోందని నిశ్చయించుకున్నాను. నిన్ను ఎన్ని తిట్టానో రాయను. ఆదివారం నేను కూడా చర్చికి వెళ్ళలేదు. శనివారమే వెళ్ళి ఓపల్‌ను పిలిచాను. "బీన్సు సూపు చేస్తున్నాను, రండి, టీవీ చూద్దాం" అన్నాను. ఇన్నేళ్ళలో పిలవనిదాన్ని ఎందుకు పిలిచావని అడగకుండా వచ్చింది. ముందు గది టీవీ ముందు కూర్చోబెట్టాను. గరాజ్ తలుపు తెరిచే ఉంచమని డ్వైట్‌తో చెప్పాను, ఇక దాపరికం లేదుగా.

వంతెన చూపించారు. మీ నాన్న ఫలకం చూపించారు. మేయరు పడవ అమ్ముకున్నవాడి కథ చెప్పి నవ్వాడు, ఓపల్ కదల్లేదు. తర్వాత యాంకర్ ఫోన్లు మొదలుపెట్టాడు. గరాజ్‌లో డ్వైట్ డయల్ చేస్తున్నాడు. లైను దొరికింది. "డ్వైట్ ప్రూయిట్, కాల్వర్ట్ ఫెర్రీ" అన్నాడు, సొంత పేరు, సొంత ఊరు. అవతలి మాట వింటూ నిలబడిపోయాడు. ఫోన్ పెట్టేశాడు. నేను గుమ్మంలోంచే, "కోసేసింది కదూ నీ చెల్లెలు?" అన్నాను.

ఆయన గోడకు ఆనుకున్నాడు. "'అన్నయ్యా, ముప్పై రోజులు కాలేదు, పెట్టెయ్యి. నేను మాట్లాడతాను' అంది" అన్నాడు.

ఇద్దరం ముందు గదిలోకి పరిగెత్తాం. అప్పటికే యాంకర్, "వాషింగ్టన్ నుంచి, చెప్పండి" అంటున్నాడు. నువ్వు పేరు చెప్పావు. ఈ చానెల్లోనే జీతం తీసుకుంటున్నానని కూడా చెప్పావు, అది చెప్పకపోతే ఏం పోయిందే? ఆ మొహంలో ఏ భావమూ లేనివాడి కనుబొమ్మలు పైకి లేవడం దేశమంతా చూసింది. అయినా అతను నిన్ను ఆపలేదు, అది మెచ్చుకోవాలి. లెస్టర్ బాగ్స్ పడవ అమ్ముకోలేదన్నావు. మా నాన్న ఆర్విల్ ప్రూయిట్ దాన్ని విప్పుకున్నాడన్నావు. మా అన్న మొదటి సాక్షి, నేను రెండోదాన్నన్నావు. అరిచింది మా అన్న కాదు, నేనని, ఏమని అరిచావో కూడా చెప్పావు. మీ అన్నయ్య అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. తలుచుకుంటే ఇప్పుడూ నాకు ఏడుపొస్తోంది.

నేను ఓపల్ వైపు చూడటానికి భయపడ్డాను. ఆమె టీవీ వైపే చూస్తోంది. మధ్యలో ఎవరో టెక్సస్ నుంచి ఫోన్ చేసి వేరే వరద గురించి మాట్లాడి వెళ్ళిపోయాడు కూడా. అప్పుడంది, "అయితే మా అమ్మ ఏమీ అనలేదన్నమాట."

నేను వెళ్ళి టీవీ గొంతు తగ్గించాను.

"అడగొద్దనుకున్నాను గానీ అడుగుతాను" అంది మళ్ళీ. "మాక్సీన్‌గారికి తెలుసా, ఆ అరుపు నాకేననుకుని వెనక్కి జరిగి నేను బతికానని?" తెలుసన్నాను, నేనే రాశానని. తల ఊపింది. అప్పటికి ఏడవలేదు. నీ మీద కోపంగా ఉందో లేదో నాకు తెలియదు. ఆమె చెప్పలేదు, నేనడగలేదు, నీకు తీపి కబురు కల్పించి రాయను.

కోటు తీసుకుంటుందనుకున్నాను. డ్వైట్‌ను, "ఇది మళ్ళీ వేస్తారా?" అని అడిగింది. మధ్యాహ్నం వేస్తారు, ఒక్క ముక్క తీయకుండా వేస్తారు అన్నాడు. "అయితే ఉంటాను" అంది. సూపు తిన్నాం. ఉప్పు ఎక్కువైందని ఓపల్ చెప్పింది, నిజమే ఎక్కువైంది.

నీ ఉద్యోగం ఉందో ఊడిందో రాయి. ఊడితే పైగది ఖాళీగానే ఉంది, వచ్చెయ్యి. రాకముందు ఓపల్‌కు నువ్వే ఒక ఉత్తరం రాసుకో, మధ్యలో నన్ను పెట్టకు.

మధ్యాహ్నం మళ్ళీ వేశారు. వాషింగ్టన్ నుంచి చెప్పండి అన్నాడు. నీ గొంతు వచ్చింది. లెస్టర్ బాగ్స్ అన్న పేరు వచ్చేసరికి ఓపల్ లేచి నిలబడింది. మీ అన్నయ్యా లేచాడు. సూపు గరిటె ఇంకా నా చేతిలోనే ఉంది, నేనూ దాంతోనే లేచి నిలబడ్డాను.

నీ వదిన,
వెర్నా